‘ఎక్కడైనా చేసుకోవచ్చు’: ఒక మాటకున్న రెండు అంచులు

(సికింద్రాబాద్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విశ్వాసానికీ కట్టడానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నేను ఆలిమ్‌ను కాను, చరిత్రకారుణ్ణి అంతకన్నా కాను. ముప్పయ్యేళ్లుగా ఇళ్లకూ దుకాణాలకూ ప్లాన్లు గీస్తూ బతికినవాణ్ణి. అప్పుడప్పుడు మస్జిద్‌లకు కూడా గీశాను. కాబట్టి గోడలూ కొలతల వైపు నుంచే ఈ విషయంలోకి వస్తాను. పొరపాట్లుంటే ఉలమాలు సరిదిద్దాలి.

మనం కూర్చున్న ఈ ఊరే ఇందుకు మంచి పాఠశాల. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంటు ఊరిలో, ఒక పూట నడిస్తే చూడగలిగినంత దూరంలోనే నాలుగు మతాల ప్రార్థనాలయాలున్నాయి. ఉజ్జయినీ మహంకాళి ఆలయం 1815 నాటిదని చెబుతారు. పార్సీల అగ్ని మందిరం 1847 నాటిది. సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. వీటి మధ్య బజారు సందుల్లో మన మస్జిద్‌లు ఉన్నాయి. నాలుగింటినీ కట్టింది ఇంచుమించు ఒకే రాయి, ఒకే సున్నం, ఒకే కూలీల చేతులు. అయినా లోపలికి అడుగుపెడితే నాలుగూ నాలుగు లోకాలు.

ఎందుచేత? గుడిలో దేవత నివసిస్తుందని భక్తుడి నమ్మకం. కాబట్టి గుడి ఆమె ఇల్లు. వెలుతురు నుంచి చీకటికి, విశాలం నుంచి ఇరుకుకు, జనం నుంచి ఒక్క మూర్తి ముందుకు నడిపించేలా దానిని కడతారు. గర్భగుడి అన్న పేరులోనే ఆ భావం ఉంది. చర్చిలో అందరి చూపూ బలిపీఠం మీద నిలవాలి, అందుకని అది పొడవుగా సాగుతుంది. పార్సీల మందిరంలో నిప్పు ఆరకూడదు, దాని పవిత్రత చెడకూడదు. అందుచేత గోడ లోపల గోడ ఉంటుంది, బయటివారికి ప్రవేశం ఉండదు. ఆ విశ్వాసం తెలిసినవాడికి ఆ నిషేధం అవమానంగా తోచదు.

మరి మస్జిద్ లోపల ఏముంది? ఏమీ లేదు. పడమటి గోడలో ఒక గూడు ఉంటుంది. అదీ ఖాళీయే. ఆ గూడును, అంటే మిహ్రాబ్‌ను, పవిత్ర స్థలమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దైవప్రవక్త (స) కాలంలో మదీనా మస్జిద్‌లో గుల్లగా తొలిచిన మిహ్రాబ్ లేదు. ఆయన తరువాత డెబ్బయి ఎనభై ఏళ్లకు, ఉమయ్యద్ ఖలీఫా వలీద్ హయాంలో ఆ మస్జిద్‌ను తిరిగి కట్టినప్పుడు అది వచ్చింది. మినార్ కూడా అప్పుడు లేదు. హజ్రత్ బిలాల్ (ర) మస్జిద్ పక్కనున్న ఒక ఇంటి మీదికెక్కి అజాన్ ఇచ్చేవారు. మట్టి ఇటుకల గోడలు, ఖర్జూరపు మానుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు. వాన పడితే నేల బురదయ్యేది, ఆ బురదలోనే సజ్దా చేసేవారు.

ఆ మస్జిద్ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది గోడలు కాదు, నేల. ఆ స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు దానిని ఉచితంగా ఇస్తామన్నారు. ప్రవక్త (స) ఒప్పుకోలేదు, ధర చెల్లించిన తరువాతే పునాది తవ్వించారు. కట్టడానికి ముందు నేల హక్కు తేలాలన్నది మన సంప్రదాయంలో మొదటి మస్జిద్ నాటి నుంచే ఉన్న నియమం. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మూర్తి లేదు, బలిపీఠం లేదు, నిప్పు లేదు. అయితే మస్జిద్‌కు రూపం ఎక్కడి నుంచి వస్తుంది? సఫ్ నుంచి వస్తుంది. భుజానికి భుజం ఆనించి నిలబడే వరుస నుంచి. మొదటి వరుసలో నిలబడటం ఎక్కువ పుణ్యమని మన విశ్వాసం. కనుక మొదటి వరుస వీలైనంత పొడవుగా ఉండాలి. అందుచేత మస్జిద్ హాలు లోతుకన్నా వెడల్పుగా సాగుతుంది. మక్కా మస్జిద్‌ను చూడండి. 1617లో ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టించిన ఆ మస్జిద్ ఔరంగజేబు కాలంలో, 1694లో గాని పూర్తి కాలేదు. ప్రధాన హాలు వెడల్పు 220 అడుగులు, లోతు 180 అడుగులు. మూడు వైపులా అయిదేసి కమానులు, నాలుగో వైపు ఖిబ్లా గోడ. చర్చి కట్టే శిల్పి ఈ కొలతలను అడ్డం తిప్పి ఉండేవాడు. ఇది శిల్పుల అభిరుచిలో తేడా కాదు. ఎవరి ముందు ఎలా నిలబడాలన్న నమ్మకంలో ఉన్న తేడా కొలబద్ద మీదికి దిగింది.

రూపాన్ని విశ్వాసం నిర్దేశించలేదు గనుకనే శిల్పికి అంత స్వేచ్ఛ దొరికింది. బేగంపేటలోని స్పానిష్ మస్జిద్ మీరందరూ చూసినదే. పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా స్పెయిన్ వెళ్లి కార్డోబా మస్జిద్ చూసి ముగ్ధుడై తలపెట్టిన ఆ కట్టడం 1906లో పూర్తయింది. గుమ్మటం ఉండవలసిన చోట సూదిమొన శిఖరాలు. దారినపోయేవారు చర్చి అనుకుంటారు. లోపలికి వెళ్లి ఖిబ్లా వైపు నిలబడితే చాలు, సందేహం తీరిపోతుంది. కార్వాన్‌లోని టోలీ మస్జిద్ గచ్చుపనిలో దక్కను చేతివాటం కనిపిస్తుంది. ఇవాళ మనం ప్రతి పేటలోనూ ఒకే అచ్చులో పోసినట్టున్న గుమ్మటాన్ని, రంగు దీపాల మినార్‌ను నిలబెడుతున్నాము. తప్పని అనను. కాని మూడు వందల ఏళ్ల కిందటివారు మనకన్నా ధైర్యంగా కట్టారని మాత్రం అంటాను.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. నేను గీసిన మొదటి మస్జిద్ ప్లాన్ రెండు సందుల మధ్యనున్న చిన్న స్థలానిది. ఇళ్లకు గీసే అలవాటు కొద్దీ గోడలను రోడ్డుకు సమాంతరంగా పెట్టాను, అంగుళం నేల కూడా వృథా కాకుండా. కమిటీలోని ఒక పెద్దాయన జేబులోంచి దిక్సూచి తీసి కాగితం మీద పెట్టారు. మన ఊరి నుంచి కాబా దిశ నేరుగా పడమర కాదు, పడమరకు సుమారు పన్నెండు డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. హాలును ఆ మేరకు తిప్పవలసి వచ్చింది. చతురస్రంలో చతురస్రాన్ని తిప్పితే ఏమవుతుంది? మూలల్లో ముక్కోణపు ఖాళీలు మిగులుతాయి. ఒక దానిలో వుజూ కొళాయిలు పెట్టాము. ఒక దానిలో చెప్పుల అరలు. మూడోది కాస్త పెద్దది, విడిగా ద్వారం పెట్టుకునే వీలుంది. స్త్రీలకు నమాజు గదిగా చేద్దామన్నాను.

కమిటీవారు మర్యాదగానే జవాబిచ్చారు. ‘ఆడవాళ్లు ఇంట్లో చేసుకుంటారు కదా. నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చు.’ ఆ మూల సామాన్ల గది అయింది. పాత చాపలు, విరిగిన ఫ్యాన్లు అందులో పెట్టారు. నేను వాదించలేదు. గీసి ఇచ్చి, డబ్బు తీసుకుని వచ్చేశాను.

ఆ మాట అబద్ధం కాదు. భూమి అంతా తనకు సజ్దా స్థలంగా, శుద్ధమైనదిగా చేయబడిందని ప్రవక్త (స) బోధించారని ప్రామాణిక హదీసులలో ఉన్నది. ప్రయాణికుడికి, రోగికి, పొలంలో కూలికి, సముద్రం మీది నావికుడికి అది ఎంతటి విముక్తి! పూజారి కోసం, మందిరం కోసం వెదకనక్కరలేదు. కాని ఇదే మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో చూడాలి.

1994 అక్టోబరు 24న ఇస్మాయిల్ ఫారూఖీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయోధ్య స్థలాన్ని కేంద్రం స్వాధీనం చేసుకోవడంపై నడిచిన వ్యాజ్యమది. అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఏమన్నారు? మస్జిద్ ఇస్లాం ఆచరణలో అనివార్య భాగం కాదని, నమాజు ఆరుబయట సహా ఎక్కడైనా చేయవచ్చునని. కనుక మస్జిద్ స్థలాన్ని ప్రభుత్వం తీసుకోవడానికి రాజ్యాంగం అడ్డురాదని. ఆ వ్యాఖ్యను భూసేకరణ సందర్భానికి పరిమితం చేసి చదవాలని 2018లో అదే కోర్టు వివరించింది గాని, విస్తృత ధర్మాసనానికి పంపడానికి మెజారిటీ ఒప్పుకోలేదు. న్యాయమూర్తి అబ్దుల్ నజీర్ ఒక్కరే పంపాలన్నారు.

నిద్ర సుఖమెరుగదంటారు. రైలు బెర్తు మీద, బస్టాండు బల్ల మీద, చెట్టు కింద కూడా నిద్ర పడుతుంది. అందుచేత నీకు ఇల్లు అనివార్యం కాదు, ఖాళీ చెయ్యి అని ఎవరైనా అంటే ఏమంటాం? విశ్వాసి మీది భారం తగ్గించడానికి ఇచ్చిన సడలింపును అతని నేల తీసుకోవడానికి వాదంగా మార్చడం న్యాయం కాదు. ఒంటరిగా చేసే నమాజు ఎక్కడైనా చెల్లుతుంది. జుమా, జమాఅత్, సఫ్ మాత్రం ఒక చోటును కోరుతాయి. ఆ చోటుకు గోడలు లేకపోయినా సరే.

కట్టడం ముఖ్యమా, నేల ముఖ్యమా అన్న ప్రశ్న మన రాజధానిలోనే ఎదురయింది. 2020 జులైలో పాత సచివాలయాన్ని కూల్చే పనిలో ఆవరణలోని రెండు మస్జిద్‌లు, నల్ల పోచమ్మ గుడి దెబ్బతిన్నాయి. ముఖ్యమంత్రి విచారం వెలిబుచ్చారు. ప్రభుత్వ ఖర్చుతో, ఇంకా విశాలంగా కట్టిస్తామన్నారు. అప్పుడు మన సంఘాలు పట్టుబట్టింది విశాలత కోసం కాదు, అదే చోటు కోసం. ఎంత పెద్ద భవనం ఇస్తామన్నా వీళ్లకు ఈ మొండితనమేమిటని విసుక్కున్నవారున్నారు, మనలో కూడా. మస్జిద్‌గా అంకితమైన నేల ప్రళయదినం దాకా మస్జిదే అన్నది హనఫీ ఫిఖ్‌హ్‌లో స్థిరపడిన అభిప్రాయం. గోడ పడిపోయినా, ఊరు లేచిపోయినా ఆ నేల అమ్మకానికి రాదు. ప్రభుత్వానికి మస్జిద్ అంటే కట్టడం, మనకు మస్జిద్ అంటే నేల. వాదన అంతా ఆ ఒక్క తేడా చుట్టూ తిరిగింది. చివరకు 2023 ఆగస్టు 25న కొత్త సచివాలయ ఆవరణలో మస్జిద్‌లు, గుడి, చర్చి ఒకే రోజున ప్రారంభమయ్యాయి.

రాజధాని నడిబొడ్డున ఉన్నవాటి కోసం అడిగేవారున్నారు. పల్లెల మాటేమిటి? ఈద్గాహ్‌ను చూడండి, అంత నిరాడంబరమైన నిర్మాణం మరొకటి ఉండదు. ఒక మైదానం, పడమటి వైపున ఒక గోడ. ఏడాదిలో రెండు ఉదయాలు జనంతో నిండుతుంది, మిగతా రోజులు మేకలు తిరుగుతాయి. విశ్వాసం దృష్టిలో అది పరిపూర్ణమైన ప్రార్థనా స్థలం. రెవెన్యూ సర్వేయరు కంటికి ఖాళీ భూమి. పీర్ల చావిడిని చూడండి. ఒక గది, ముందు అలాయి గుండం, దగ్గర్లో ఒక వేపచెట్టు. మొహర్రంలో తలుపు తెరుస్తారు, తరువాత మూసేస్తారు. అనేక ఊళ్లలో పీర్లను ఎత్తుకునేది, గుండం తవ్వేది హిందూ సోదరులే. అలాంటి చావిడికి దస్తావేజు ఎవరు రాస్తారు? శ్మశానాల సంగతీ అంతే. తాతముత్తాతలను పూడ్చుకున్న నేలకు కాగితం ఎందుకని ఎవరూ అడగలేదు.

వక్ఫ్ చట్టంలో ‘వాడుక వలన వక్ఫ్’ అనే సూత్రం ఉండేది ఇందుకే. తరతరాలుగా ప్రార్థనకో ఖననానికో వాడుతున్న నేలను, దస్తావేజు లేకపోయినా, వక్ఫ్‌గా గుర్తించేవారు. నా దృష్టిలో అది మన విశ్వాసానికి చట్టం చేసిన సరైన తర్జుమా: చోటును పవిత్రం చేసేది సజ్దా, స్టాంపు కాగితం కాదు. 2025 సవరణ చట్టం ఇకమీదట ఆ సూత్రం చెల్లదంది. అంతకు ముందు నమోదైనవి నిలుస్తాయి, అయితే వివాదంలో ఉన్నవీ ప్రభుత్వ భూమి అనబడేవీ ఆ రక్షణకు బయటే. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను ఆపింది గాని దీనిని ఆపలేదు.

కాగితం బలం ఎంతటిదో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలపై 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. 2017 నవంబరులో వక్ఫ్ బోర్డు రికార్డుల గదికి ప్రభుత్వమే తాళం వేసి ముద్ర వేసింది. మన కాగితాలు మనకే అందని స్థితి. ప్రభుత్వాలను నిలదీయాలి, నిలదీద్దాం. అయితే ముతవల్లీలు కిరాయి రసీదులను సొంత బీరువాలో దాచుకున్న ఊళ్లు, కబరస్తాన్ ప్రహరీ కన్నా మస్జిద్ ముఖద్వారపు పాలరాయికి ముందు చందా పోగుచేసిన కమిటీలు మనకు తెలియనివా? అనాథ బాలుర నేలకు ధర చెల్లించిన తరువాతే పునాది తవ్వించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. కొలత, హద్దు, హక్కు మన ధర్మంలో భాగమే.

ఇక మూడో మూల సంగతికి వస్తాను.

రెండేళ్ల కిందటి రంజాన్‌లో నా కూతురితో కలిసి జనరల్ బజార్‌కు వెళ్లాను. బట్టలు కొంటుండగా మగ్రిబ్ వేళయింది. ఖర్జూరంతో ఉపవాసం విరమించి నేను సందులోని మస్జిద్‌కు పరుగెత్తాను. అక్కడ స్త్రీలకు చోటు లేదు. తిరిగి వచ్చేసరికి అమ్మాయి నమాజు ముగించి కూర్చుని ఉంది. దుకాణం సేట్, డెబ్బయ్యేళ్ల హిందూ పెద్దమనిషి, వెనక గదిలోని చీరల మూటలు పక్కకు జరిపించి, తాను కత్తిరించి ఇచ్చిన కొత్త తెల్లగుడ్డ పరిపించారట. పనివాళ్లను బయటికి పంపి, ‘పడమర ఇటేనమ్మా’ అని గోడ చూపించారట. ‘అబ్బూ, ఆయన పడమర అన్నారు. నేను కొంచెం కుడికి తిరిగాను’ అంది నవ్వుతూ. తండ్రి ప్లాన్లు గీయడం చూసి పెరిగిన పిల్ల.

నేను నవ్వలేకపోయాను. నమాజు ఎక్కడైనా చేసుకోవచ్చన్న మాట ఆ చీరల గదిలో నిజమైంది, ఆ సేట్ మంచితనం వల్ల. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. కాని అదే వేళ నా భుజానికి ఇరువైపులా భుజాలున్నాయి. ఆమె పక్కన మూటలున్నాయి. పైగా ఆమెకు చోటు లేకుండా చేసిన మాటను ఒకప్పుడు విని ఊరుకున్నవాణ్ణి నేనే.

కోర్టు మనతో ‘ఎక్కడైనా చేసుకోవచ్చు, మస్జిద్ అనివార్యం కాదు’ అన్నప్పుడు మనకు గాయమయింది. ఆ వాక్యాన్నే మనం మన తల్లులతో, అక్కచెల్లెళ్లతో, కూతుళ్లతో అంటున్నాము. మదీనా మస్జిద్‌లో స్త్రీలు పురుషుల వెనక వరుసల్లో, మధ్యలో గోడ లేకుండా నమాజు చేశారు. స్త్రీలను మస్జిద్‌లకు రాకుండా ఆపవద్దని ప్రవక్త (స) స్పష్టంగా చెప్పారు. ఇంట్లో చేయడం వారికి మేలన్న హదీసు కూడా ఉన్నది, కాదనను. అది వారికిచ్చిన సౌలభ్యం, మనం వేసే తాళం కాదు. 2020లో అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా స్త్రీలు నమాజు కోసం మస్జిద్‌కు రావడానికి ఇస్లాంలో అనుమతి ఉన్నదని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. అఫిడవిట్‌లో ఉన్న అనుమతి ప్లాన్‌లో లేకపోతే ఏం ప్రయోజనం? గీసేవాడిగా అడుగుతున్నాను. ఒక ద్వారం, రెండు కొళాయిలు, ఇమామ్ గొంతు వినిపించే ఒక స్పీకరు. ఖర్చు ముఖద్వారపు పాలరాయిలో నాలుగో వంతు కూడా కాదు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి వాలు దారి కూడా అందులోనే కలిసిపోతుంది.

ఇది సమాజంలో చీలిక తెచ్చే విషయమని, ఇప్పుడు నేల కాపాడుకునే వేళ ఇవన్నీ ఎందుకని ఒక మిత్రుడు నిన్ననే ఫోనులో అన్నారు. ఆయన ఆందోళన అర్థం చేసుకోగలను. అయినా నాకు రెండూ ఒకే పనిగా కనిపిస్తున్నాయి. జమాఅత్‌కు చోటు కావాలని కోర్టులో వాదించే మనం, జమాఅత్‌లో సగం మందికి చోటు అక్కరలేదని ఇంట్లో వాదిస్తే, ఎదుటి పక్షం వకీలుకు మనమే అక్షరాలు అందించినవాళ్లమవుతాము.

ద్వారం దగ్గరి బల్లమీద కాగితాలు ఉంచాము. మీ పేటలోనో, మీ సొంత ఊరిలోనో ఉన్న మస్జిద్, ఈద్గాహ్, కబరస్తాన్, పీర్ల చావిడి పేరు రాయండి. దస్తావేజు ఉన్నదా, వక్ఫ్ బోర్డులో, పోర్టల్‌లో నమోదయిందా, హద్దులు ఎవరైనా కొలిచారా, మస్జిద్ అయితే స్త్రీలకు చోటు ఉన్నదా, ఇవే ప్రశ్నలు. కొలవడానికి మనిషి లేకపోతే నా ఫోను నంబరు నిర్వాహకుల దగ్గర ఉంది. టేపు, దిక్సూచి నేనే తెచ్చుకుంటాను, ఫీజు అక్కరలేదు.

మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉన్నది. ఈ హాలులో పురుషుల వరుసల వెనక సోదరీమణులకు చాపలు పరిచారు, కుడివైపు తలుపు వారి కోసం తెరిచే ఉంటుంది. ఖిబ్లా గీత పొద్దున్న సుద్దముక్కతో నేనే గీశాను. గోడకు వంకరగా ఉందని ఎవరూ సరిచేయవద్దని మనవి.